పొయ్యి వాటా

పోయిన వారం సంచికలో నన్ను నేనే ఒక వెనక తలుపు ముందు నిలబెట్టి వదిలేశాను. ఇవాళే చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి, లోపలికి పోదాం.

నేను ఒక వారపత్రికలో ‘పళ్లెం’ అన్న పేరుతో తిండి గురించి రాస్తాను. ఈ మహానగరంలో సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా హ్యాపీ అవర్ అని బోర్డు పెట్టి సగం ధరకి పిజ్జా ఇచ్చే దుకాణాలు వందల్లో ఉన్నాయి. వాటిలో తినదగ్గవి ఏవో ఏరడానికి రెండు నెలలు చెప్పులరిగేలా తిరిగాను. నా పరీక్షలు నాకున్నాయి. పిజ్జా రాగానే తినను, తిరగేసి అడుగు చూస్తాను. అడుగు తెల్లగా ఉంటే పొయ్యి వేడెక్కకముందే తోసేశారని అర్థం. చీజ్ నూనె కక్కుతుంటే పొద్దున కాల్చిపెట్టి మళ్లీ వేడి చేశారని అర్థం. సగం ధరే కదా అని పిండి ముద్దలో కూడా సగం కోసేవాళ్లున్నారు. ముక్కని అంచు పట్టుకుని లేపితే చాలు, తడిసిన కాగితంలా వేలాడి వాళ్ల బండారం బయటపెడుతుంది. అలా వడగట్టగా పన్నెండు దుకాణాలు మిగిలాయి. ఆ జాబితా ఊరంతా పాకింది. జనం మడతపెట్టి జేబుల్లో పెట్టుకుని తిరిగారు.

తర్వాత ఒక ఉత్తరం వచ్చింది. సంతకం లేదు. “మీ ఆరో నంబరు కింద రాసిన చివరి రెండు వాక్యాలు మా నోటి దగ్గర కూడు లాగేశాయి. ఒకసారి రండి. ముందు గుమ్మంలోంచి కాదు, వెనక తలుపులోంచి.” అంతే.

వెళ్లాను. తలుపు కొట్టాను. తీసింది మా మేనమామ.

“ఒరేయ్ అల్లుడూ! దారి తప్పి వచ్చావా, తెలిసే వచ్చావా?”

మోచేతుల దాకా పిండి. కనుబొమ్మల మీద పిండి. ఆ పిండి కింద ఎంత తెలుపు జుట్టుదో, ఎంత తెలుపు పిండిదో తెలియలేదు. మామయ్య ఇరవై ఏళ్లు పనిచేసిన దుకాణం మూతపడిందని ఏడాది కిందట అత్తయ్య ఫోన్లో చెప్పింది. వీలు చూసుకుని వస్తానన్నాను. పిజ్జా కోసం ప్రతి సందూ తొక్కినవాడికి మామయ్య ఇంటికి వెళ్లే బస్సు మాత్రం దొరకలేదు.

“అత్తయ్య చెప్పిందా, నేనిక్కడున్నానని?”

“ఆ... అత్తయ్యే.”

గుమ్మం దాటకముందే మొదటి అబద్ధం.

“రా, లోపలికి రా. తల వంచుకో. ఈ తలుపు మా ఓనరు మనసంత ఉంటుంది.”

తల వంచుకునే వెళ్లాను. ఆ తర్వాత ఎత్తే అవకాశం పెద్దగా రాలేదు.

వంటగది పొడుగ్గా, ఇరుగ్గా ఉంది. ఒక చివర పొయ్యి. దాని నోట్లో నిప్పులు ఎర్రగా, పొగ లేకుండా, పొద్దుటి నుంచి కాగిన పొయ్యికే ఉండే ఆ నిలకడతో కూర్చుని ఉన్నాయి. గోడ పొడుగునా రాతి బల్ల. బల్ల మీద తడిగుడ్డ కప్పిన పిండి ముద్దలు, టమాటా గుజ్జు బకెట్టు, తురిమిన చీజ్. ఇంకో చివర బయటి హాల్లోకి తీసుకెళ్లే తోపుడు తలుపు, దాని పక్కన ఆర్డరు కాగితాలు లోపలికి తోసే చిన్న కిటికీ. ఆ కిటికీ పక్కన గోడకి నా జాబితా అంటించి ఉంది. ఆరో నంబరు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా. కింద ఎవరిదో లావుపాటి చేతిరాత: “నాలుగు గంటల మొదటి పిజ్జా కస్టమరుకే. వంటగదిలో తినరాదు.”

గోడ గడియారం మూడు నలభై చూపిస్తోంది.

లోపల ఇంకో ముగ్గురున్నారు. పిండి పిసికే ఆవిడ, అందరికీ పెద్దక్క. కూరగాయలు తరిగే సన్నపాటి మనిషి. కత్తి కంటే నోరు ఎక్కువ ఆడిస్తాడు కాబట్టి వాళ్లు ఆయన్ని రేడియో అంటారు. గిన్నెలు కడిగే పెద్దాయన. ఆయనకి చెవులు సరిగా వినపడవు, నవ్వు మాత్రం బాగా వినపడుతుంది.

“వీడు నా మేనల్లుడు,” అన్నాడు మామయ్య, నా భుజం మీద చెయ్యేసి. చొక్కా మీద పిండి అచ్చు పడింది. “పత్రికలో పెద్ద ఉద్యోగం. మూడేళ్లు నా పక్కనే పొయ్యి దగ్గర నిలబడ్డాడు. పని నేర్పింది నేనే. చెయ్యి మంచిదే. కాలే నిలవలేదు.”

“పత్రికలోనా?” రేడియో కత్తి ఆపాడు. “అయితే ఆ పళ్లెం గాడు తెలిసే ఉంటాడుగా మీకు? ఒక్కసారి చూపించండి సార్. ఏం చెయ్యను. ఉల్లిపాయలు తరుగుతా, ఎదురుగా కూచోబెడతా, అంతే.”

గిన్నెల పెద్దాయన ఏమీ వినకుండానే నవ్వాడు.

నేను కూడా నవ్వాను. అదీ రాసుకోండి. నేను కూడా నవ్వాను.

“వాడు ఎవడోగానీ ఆకలి తెలిసినోడు కాదు అల్లుడూ,” మామయ్య ఒక ముద్ద తీసి బల్ల మీద పిండి చల్లి వేళ్లతో వెడల్పు చేస్తున్నాడు. ఆ వేళ్లు ముసలివి కాలేదు. “పొయ్యి వాటా నీకు గుర్తుందా?”

గుర్తుందా అని నన్ను అడిగాడు!

పొయ్యి వాటా అంటే ఏమిటో తెలియనివాళ్లకి చెప్పాలి. కట్టెల పొయ్యి గ్యాస్ స్టవ్వు కాదు, తిప్పితే తగ్గి తిప్పితే పెరగడానికి. లోపల రాయి ఏ పక్క ఎంత కాగిందో చెయ్యి పెట్టి చూడలేం. అందుకే హ్యాపీ అవర్ మొదలయ్యే ముందు ఒక పిజ్జా తోసి చూస్తారు. అది ఎప్పుడూ ఒక పక్క నల్లబడుతుంది. ఏ పక్క నల్లబడిందో చూసి నిప్పుని సర్దుతారు. అది అమ్మకానికి కాదు. దాన్ని కోయరు, చేతులతో తుంచుతారు. పిండి పిసికినవాళ్లు, తరిగినవాళ్లు, కడిగినవాళ్లు, కాల్చినవాళ్లు పొయ్యి చుట్టూ నిలబడి తింటారు. ఓనరుకి పెట్టరు. ఆ తర్వాత దుకాణం మూసేదాకా ఎవరి నోట్లోకీ ఇంకేమీ పోదు. గుక్కెడు నీళ్లు తాగడానికే సందుండదు. ఏ కాగితం మీదా రాసి లేదు. ఏ పొయ్యి దగ్గరికి వెళ్లినా ఉంది. పంతొమ్మిదేళ్లప్పుడు నేను పనిలో చేరిన మొదటి రోజు మామయ్య నాకు ఇచ్చిన మొదటి ముక్క అదే. నల్లటి అంచు. “నువ్విప్పుడు వంటగది మనిషివి,” అన్నాడు.

ఇప్పుడు నా ఆరో నంబరు కింద ఏం రాశానో వినండి. “ఒక రహస్యం చెబుతాను, మీలోనే ఉంచుకోండి. సరిగ్గా నాలుగింటికి వెళ్లి, పొయ్యిలోంచి దిగే మొట్టమొదటి పిజ్జా అడిగి తీసుకోండి. ఒక పక్క నల్లబడి, పొగ వాసనతో, ఊళ్లో ఇంకెక్కడా దొరకని రుచి.”

దొరకదు మరి. ఎక్కడా అమ్మరు కదా.

“రెండు నెలల కిందట,” మామయ్య చెప్పుకుపోతున్నాడు, “ఎవడో వచ్చి హాల్లో కిటికీ పక్కన కూచున్నాడట. మొదటిది కావాలన్నాడట. అది ఇవ్వరండీ అని చెప్పినా వినలేదట. ఓనరు పరిగెత్తుకొచ్చాడు, పెద్దమనిషి, ఇచ్చెయ్ అన్నాడు. సర్లే, ఒక్కరోజే కదా అని ఇచ్చాను. ఆ రోజు పెద్దక్కకి జ్వరం కూడాను. ఖాళీ కడుపుతో మాత్ర వేసుకుని పిసికింది.”

ఆ కిటికీ పక్కన కూర్చున్నది నేను. పిజ్జా తిరగేసి అడుగు చూసింది నేను. “చెయ్యి తిరిగిన పనివాడు” అని నోటు పుస్తకంలో రాసుకుని, ఆ పనివాడి ముఖం చూడకుండా లేచి వచ్చింది నేను. నాలుకతో బతికేవాణ్ని. మూడేళ్లు నాకు తిండి పెట్టిన చేతిని ఆ నాలుక గుర్తుపట్టలేదు.

“ఒక్కరోజు కాస్తా రోజూ అయింది,” అంది పెద్దక్క. మొదటిసారి నోరు విప్పింది. “ఇప్పుడు నాలుగింటికి మొదటిది కావాలని జనం బారులు తీరుతున్నారు. ముందొచ్చినవాళ్లకి మొదటిది అని ఓనరు బోర్డు కూడా పెట్టాడు.”

“మొన్న మీ మామయ్య అడ్డం తిరిగాడు సార్,” రేడియో అందుకున్నాడు. “మొదటిది తీశాడు, బల్ల మీద పెట్టాడు, తుంచి మా చేతుల్లో పెట్టాడు. ఓనరు కళ్లముందే! ఓనరు ముఖం ఎలా ఉందంటే... టమాటా గుజ్జు వేరే కలపక్కర్లేదు.”

“ఇంకోసారి అలా చేస్తే పొయ్యి దగ్గర్నుంచి తీసేస్తానన్నాడు,” మామయ్య తేలిగ్గా అన్నాడు. “ఈ వయసులో ఇంకో పొయ్యి ఎవడిస్తాడులే. అయినా ఇవాళ కూడా తుంచుతాను. చూద్దాం.”

పిజ్జా మీద గుజ్జు గుండ్రంగా రాస్తున్నాడు. లోపలి నుంచి బయటికి, ఒక్క గరిటె, ఒక్క చుట్టు.

“బాబూ,” పెద్దక్క పిండి చేతులు తుడుచుకుంటూ నా ముందుకు వచ్చింది. “మామయ్యని చూడ్డానికొచ్చారు. బాగానే ఉంది. ముందు గుమ్మం తెరిచే ఉంది కదా. వెనక తలుపు ఎందుకు కొట్టారు?”

నేను గోడ గడియారం వైపు చూశాను.

“ఈ తలుపు సందులో ఉంటుంది, చెత్త డబ్బాల వెనక. కొత్తవాళ్లకి కనపడదు. ఈ తలుపుకి నేను పిలిచింది ఒక్కరినే. ఉత్తరం రాసి.”

రేడియో కత్తి ఆగింది. మామయ్య వీపు నా వైపే ఉంది. గుజ్జు రాసే గరిటె మాత్రం చుట్టు మధ్యలో నిలిచిపోయింది.

“మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?”

చెప్పడానికి నాకు అర నిమిషం దొరికింది. నిజంగా దొరికింది. “మామయ్యా, అది నేనే” — మూడు మాటలు. వారానికి మూడు వేల మాటలు రాసేవాణ్ని. ఆ మూడూ గొంతు దాటలేదు. సిగ్గంటే చెంపలు ఎర్రబడటం అని కథల్లో రాస్తారు. అబద్ధం. సిగ్గంటే ఇంకెవరైనా చెబితే బాగుండునని ఎదురుచూడటం.

ఆ ఎవరో వచ్చారు కూడా. తోపుడు తలుపు తన్నుకుని ఓనరు లోపలికి ఊడిపడ్డాడు, నవ్వుతూ, రెండు చేతులూ చాచి.

“పళ్లెం గారూ! కిటికీలోంచి చూసి మీరు కాదేమో అనుకున్నా! మా వంటగదికా? ముందు చెప్పొద్దా సార్! బయట చూశారా, ఎనభై మంది! అంతా మీ చలవ!”

నా చెయ్యి పట్టుకుని ఊపాడు. రెండు నెలల కిందట కూడా ఇలాగే ఊపాడు. నేను ఊపించుకున్నాను.

మామయ్య గరిటె బకెట్లో పెట్టాడు. మెల్లగా తిరిగాడు.

“నువ్వా?”

తలూపాను.

“అది ఏంటో నీకు తెలుసు కదరా.”

“తెలుసు మామయ్యా.”

“తెలీకపోతే బాగుండేది,” అన్నాడు. “తెలీక రాసుంటే నాలుగు తిట్టి ఊరుకుందును.”

తిట్టలేదు. అదే భరించలేకపోయాను. తిడతాడని, రెండు తగిలిస్తాడని, ఆ తర్వాత కాళ్ల మీద పడొచ్చని ఎక్కడో లోపల లెక్కేసుకునే ఉన్నాను. ఆయన పిజ్జా వైపు తిరిగి చీజ్ చల్లాడు. పొడుగు కర్ర పార తీసుకుని, దాని మీదికి పిజ్జాని జరిపి, పొయ్యిలోకి తోశాడు. ఒక్క విసురు. నాలుగు కావడానికి మూడు నిమిషాలున్నాయి.

ఓనరు నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూశాడు. “మీరిద్దరూ చుట్టాలా! ఇంకేం మరి! పెద్దాయనా, ఇవాళ గొడవ చెయ్యవుగా, మీవాడి ముందు?”

“చెయ్యను,” అన్నాడు మామయ్య.

మామయ్య పొయ్యి నోటి దగ్గరే నిలబడ్డాడు. నల్లటి అంచు వాసన వచ్చింది. ఆ వాసనకి నా నోట్లో నీళ్లూరాయి. అంత సిగ్గులోనూ ఊరాయి. కడుపుకి మానం లేదు.

మామయ్య దాన్ని పార మీద బయటికి తీశాడు. పళ్లెంలో పెట్టాడు. తుంచలేదు. పళ్లెం తెచ్చి నా చేతుల్లో పెట్టాడు.

“నువ్వే తీసుకెళ్లు. అమ్మమని రాసింది నువ్వే కదా. నా చేత్తో నేను ఇవ్వను, నీ చేత్తో నువ్వు ఇచ్చిరా.”

“మామయ్యా, నేను...”

“వేడి తగ్గితే అంచు గట్టిపడుతుంది. వెళ్లు.”

ఆ క్షణంలో చెయ్యగలిగినవి చాలా ఉన్నాయి. ఇప్పుడు ఇంట్లో కూర్చుని రాస్తుంటే వరసగా గుర్తొస్తున్నాయి. పళ్లెం బల్ల మీద పెట్టి నేనే తుంచి పెద్దక్క చేతికి ఇవ్వొచ్చు. ఓనరు ముఖాన కొట్టొచ్చు. హాల్లోకి వెళ్లి, ఇది అమ్మకానికి కాదు, నేను రాసింది తప్పు అని అరవొచ్చు. ఊరేగింపుల్లో జెండా పట్టుకున్న రోజులు నాకూ ఉన్నాయి. కానీ నా చేతుల్లో పళ్లెం ఉంది, ఓనరు తలుపు తెరిచి పట్టుకున్నాడు, కాళ్లు నడిచాయి.

హాలు కిటకిటలాడుతోంది. మొదటి బల్ల దగ్గర ఆఫీసు నుంచి నేరుగా వచ్చినట్టున్న అమ్మాయి, మెడలో కార్డు, చేతిలో మడతలు పడ్డ నా జాబితా. మూడు గంటలకే వచ్చి కూర్చుందట. “ఇదే కదండీ మొదటిది? పళ్లెం గారు రాసింది?”

ఆ అమ్మాయి తప్పేం లేదు. పొద్దుట్నుంచీ ఎవరికో పనిచేసి వచ్చింది, తనకీ ఆకలే. ఎక్కడ మంచిది దొరుకుతుందని నన్ను నమ్మింది.

“ఇదే,” అన్నాను. “మొదటిదే.”

బల్ల మీద పెట్టాను. జరిగింది అది. దానికి ఇంకో పేరు లేదు.

వెనక్కి తిరిగి తోపుడు తలుపు నెట్టేసరికి లోపల మామయ్య నడుము వెనక ముడి విప్పుకుంటున్నాడు. ఏప్రన్ తీసి, నాలుగు మడతలు పెట్టి, బల్ల మీద పెట్టాడు. దాని మీద పెద్దక్క తనది పెట్టింది. రేడియో ఏమీ మాట్లాడకుండా తనది పెట్టాడు; ఆయన మాట్లాడకపోవడం చూసి గిన్నెల పెద్దాయనకి విషయం అర్థమైంది. చేతులు తుడుచుకుని ఆయనా విప్పాడు.

“ఏంటిది? ఏంటిదంతా?” ఓనరు గొంతు పైకి లేచింది. “ఎనభై మందిని పెట్టుకుని! పెద్దాయనా! తీసేస్తానన్నది కోపంలో అన్న మాట!”

“మీరు తియ్యక్కర్లేదు,” అన్నాడు మామయ్య. “మేమే వెళ్తున్నాం. వాటా లేని పొయ్యి దగ్గర మేం నిలబడం.”

నలుగురూ వెనక తలుపు వైపు నడిచారు. నా పక్కనుంచే నడిచారు. దారి ఇరుకు, పెద్దక్క భుజం నా భుజానికి తగిలింది. “చూసి నిలబడండి,” అంది, అపరిచితులతో అన్నట్టు.

తలుపు మూసుకుంది. ఆర్డరు కాగితాలు కిటికీలోంచి ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఓనరుకి పిచ్చెక్కినట్టయింది. మామయ్య సిద్ధం చేసి వదిలేసిన ఇంకో పిజ్జా బల్ల మీద ఉంటే, పార లాక్కుని తనే పొయ్యిలోకి తోశాడు. అది మడతపడి, నిప్పుల పక్కకి దొర్లి, భగ్గుమంది. చీజ్ కాలి పొగ లేచింది. హాల్లో ఎవరో దగ్గారు.

“పళ్లెం గారూ!” పార నా వైపు చాచాడు. “మీకు పని వచ్చటగా! మూడేళ్లు చేశారటగా! ఆయనే అన్నాడట, మీరు హాల్లో ఉన్నప్పుడు రేడియో కిటికీలోంచి వెయిటరుతో చెబుతుంటే విన్నాను! ఒక్క గంట సార్! ఒక్క గంట నిలబడండి, నేను మనుషుల్ని పిలిపిస్తాను! తగలబడిపోతోంది సార్!”

మనుషుల్ని పిలిపించేదాకా పొయ్యి దగ్గర నిలబడేవాణ్ని ఏమంటారో నాకు తెలుసు. సమ్మె రోజుల్లో ‘ద్రోహి’ అని ఆ మాటని గోడల మీద రాసిన చేతులివి.

కానీ లోపల ఒకటి మాడుతోంది. పొయ్యి పని చేసినవాడు మాడుతున్నదాన్ని చూస్తూ నిలబడలేడు. అది బుద్ధిలో ఉండదు, మోచేతిలో ఉంటుంది. పార ఎప్పుడు అందుకున్నానో తెలియదు. కర్ర ఇంకా వెచ్చగా ఉంది. వంగి, మాడిన ముద్దని నిప్పుల్లోంచి గీకి బయటికి లాగి, రాయి మీది మసిని ఒక్క ఊపులో తుడిచేశాను. పదేళ్ల తర్వాత కూడా చెయ్యి మర్చిపోలేదు.

“శభాష్!” అన్నాడు ఓనరు.

వెనక తలుపు చప్పుడైంది. మామయ్య. వంటగది బూట్లతోనే వెళ్లిపోయినట్టున్నాడు, చెప్పుల కోసం తిరిగొచ్చాడు.

నన్ను చూశాడు. నా చేతిలో పారని చూశాడు. నేను నోరు తెరిచాను. ఆయన గోడ పక్కన కూర్చుని బూట్లు విప్పి, చెప్పులు తొడుక్కుని, మోకాలి మీద చెయ్యి ఆన్చి లేచాడు.

“కర్ర చివర పట్టుకోకు,” అన్నాడు. “భుజం పోతుంది. ఇంకాస్త కిందికి పట్టుకో.”

తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్లాడు.

ఓనరు పిండి ముద్ద మీది తడిగుడ్డ తీశాడు. నేను కర్రని ఇంకాస్త కిందికి పట్టుకున్నాను.